అంగడి కదలిన త్రోవ: కంచరపాలెము కేంద్రముగా దుకాణముల పుట్టుక, మూసివేత, స్థానచలనములపై సమీక్ష

గత ఇరువది సంవత్సరములుగా విశాఖపట్టణమున చిల్లర వర్తకమును గూర్చి సాగుచున్న వాదోపవాదము క్రమముగా చిక్కుపడినది. పెద్ద దుకాణము వచ్చినచోట చిన్న దుకాణము నశించునని ఒక పక్షమువారును, గిరాకి లేక మూతపడు కొట్టు మూతపడుటయే న్యాయమని వేరొక పక్షమువారును, కొట్టుల లెక్క విడిచి వీధియొక్క జీవమును చూడవలయునని మరియొక పక్షమువారును వాదించుచుండగా, నగరపాలకులు నేడు ఒక పక్షమును, రేపు వేరొక పక్షమును ఆశ్రయించుచు వచ్చిరి. ప్రారంభోత్సవములు పత్రికలలో సచిత్రముగా వెలువడును. మూసివేతలు ఒక్క పంక్తియైనను నోచుకొనవు. ఒకచోటినుండి వేరొకచోటికి తరలిపోయిన దుకాణమును గూర్చి ఎవ్వరును విచారింపరు. ఈ మూడవ సంగతియే తక్కిన రెండింటికిని మూలమని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

ఈ పరిశీలనకు కంచరపాలెమును కేంద్రముగా గ్రహించుటకు కారణము కలదు. ఒక ప్రక్క జాతీయ రహదారి, మరొక ప్రక్క రైలు మార్గములు; నడుమ తరతరములనాటి కిరాణా కొట్టులు, ప్రభుత్వము నెలకొల్పిన రైతు బజారు, కంచరపాలెము మెట్టు మొదలుకొని ఊర్వశి కూడలి పరిసరముల వరకు తోపుడు బండ్లు, బడ్డీలు; సమీపమున కైలాసపురము వద్ద పోర్టు భూమిలో మహావిపణికి పునాది. చిల్లర వర్తక చరిత్రలోని అన్ని యుగములును ఒకే పేటలో, ఒకే కాలమున, ఒండొంటిని చూచుచు నిలిచియుండుట ఇచ్చట కాననగును.

విపణి స్థానము మార్చుకొన్న తీరు

విశాఖ నగరమున వ్యాపారకేంద్రము ఒక శతాబ్దిలోపలనే పలుమారులు కదలినది. 1933లో ఓడరేవు తెరువబడు నాటికి పాత పోస్టాఫీసు, మెయిన్ రోడ్డు, కురుపాం మార్కెట్టు ప్రాంతమే, అనగా జనులు వన్ టౌన్ అని పిలుచునదే, ఊరికి ప్రధానమైన అంగడి. రేవుతోపాటు రైలు, రైలుతోపాటు ఉద్యోగి, ఉద్యోగితోపాటు నెలజీతము వచ్చినవి. నౌకానిర్మాణశాల, చమురుశుద్ధి కర్మాగారము, భారీ యంత్రముల కర్మాగారము, తుదకు ఉక్కు కర్మాగారము వరుసగా వెలసి, నివాసములు పడమరకును ఉత్తరమునకును వ్యాపించినవి. అంగడియు వానిని వెంబడించినది. పూర్ణా మార్కెట్టు, పిదప సినిమాశాలల వెలుగున జగదాంబ కూడలి, డాబా గార్డెన్సు, పిదప బస్సుల సముదాయమును ఆనుకొని ద్వారకానగరు, ఆపైన జాతీయ రహదారిపై మద్దిలపాలెము: ఇది స్థూలముగా ఆ ప్రయాణము.

ఇందు గమనింపదగిన విశేషమొకటి కలదు. కేంద్రము కదలినప్పుడు పాత అంగడి పూర్తిగా అంతరింపలేదు. తన సరుకును కుదించుకొన్నది. కురుపాం మార్కెట్టు సకల వస్తువుల విపణిగా మిగులక బంగారపు పనికి, నగల వర్తకమునకు నెలవై నిలిచినది. పూర్ణా మార్కెట్టు వస్త్రాభరణముల శోభను ఇతరులకు వదలి పచారీ, కూరగాయలు, పూజాద్రవ్యములతో తన గిరాకిని నిలుపుకొన్నది. జర్మన్ భూగోళశాస్త్రజ్ఞుడు వాల్టర్ క్రిస్టాలర్, మన ఓడరేవు తెరచిన 1933లోనే ప్రకటించిన కేంద్రస్థల సిద్ధాంతమున, నిత్యావసర వస్తువులు ఇంటికి చేరువగాను, అరుదుగా కొను వస్తువులు దూరపు పెద్ద కేంద్రములందును లభించునని వివరించెను. అరుదుగా కొను బంగారము పాత ఇరుకు వీధులందే ఏల నిలిచినదను ప్రశ్నకు మాత్రము ఆ సిద్ధాంతము చాలదు. పనివారి నైపుణ్యము, నమ్మకము, తాతలనాటి పరిచయము అను బంధములను అది లెక్కింపలేదు.

కంచరపాలెము ఈ కేంద్రముల వరుసలో ఏనాడును చేరలేదు. అది రైలు యార్డులు, పోర్టు, పారిశ్రామికవాడ, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. చుట్టు అల్లుకొన్న శ్రామికుల పేట. ఇచ్చటి వర్తకమునకు పంచాంగము జీతముల తేదీయే. నెల మొదటి వారమున నెల సామాను, తక్కిన దినములందు ఖాతాపై చిల్లర సరుకు, పండుగకు ముందు పాత బాకీలో కొంత జమ: ఈ పద్ధతిపై నడచిన కిరాణా కొట్టు సరుకును అమ్మునట్టిదే గాక, వడ్డీ వ్రాయని ఋణసంస్థయు అగుచుండెను. ఈ సంగతి మరచినవారికి కొట్టు మూతపడుటలోని నష్టము సగమే గోచరించును.

1999 జనవరి 26న రాష్ట్రమున ప్రారంభమైన రైతు బజారుల పద్ధతి ఈ పేటకు వేరొక శక్తిని తెచ్చినది. దళారి లేకుండ రైతే తెచ్చి అమ్ముట, ఉదయమే ధరల పట్టిక వ్రాయుట, ధర టోకునకు పైగాను చిల్లరకు దిగువగాను ఉండుట దాని నియమములు. చుట్టుప్రక్కల కూరగాయల కొట్టులు దెబ్బతినునని అప్పుడు కొందరు భయపడిరి. కాని కంచరపాలెము రైతు బజారుకు వచ్చు జనమే పరిసరములందు పండ్ల బండ్లకు, కోడిమాంసపు కొట్టులకు, పచారీ వర్తకులకు కొత్త గిరాకి అయినది. ఒక పెద్ద అంగడి వచ్చుట చిన్నవానికి సర్వదా మృత్యువు కాదనుటకు ఇది దృష్టాంతము; అది ఏమి అమ్మును, ఎట్టి గోడ కట్టుకొనును, వచ్చినవాడు బయటి వీధిలో అడుగు పెట్టునా లేదా అనునవి నిర్ణాయకములు.

గొలుసు దుకాణముల ఆయుర్దాయము

వాదమంతయు పెద్దది చిన్నదానిని మ్రింగుననుటపై నిలిచియుండగా, చరిత్ర వేరొక సత్యమును కూడ చూపుచున్నది: తెలుగునాట పెద్ద గొలుసులును వేగముగా మూతపడినవి. హైదరాబాదున 1986లో పుట్టిన త్రినేత్ర, ఇరువది యేండ్లకు ఆదిత్య బిర్లా సంస్థ హస్తగతమై ‘మోర్’ అను పేర మారినది. 1997లో చెన్నపట్టణమున ఆరంభమై దేశమంతట సుమారు 1,600 దుకాణములకు పెరిగిన సుభిక్ష, వేతనములకును అద్దెలకును ధనము లేక 2009 నాటికి షట్టర్లు దించినది. హెరిటేజ్ సంస్థ తన చిల్లర దుకాణములను 2016లో ఫ్యూచర్ సంస్థకు అప్పగించెను. ఆ ఫ్యూచర్ సంస్థయే అద్దె బాకీలలో మునిగి, 2022లో తన వందలాది బిగ్ బజార్లు రిలయన్సు వశమగుచుండ చూచి, దివాలా ప్రక్రియలోనికి పోయెను. ఒకే భవనమున ఒకే బల్లలపై పదిహేను సంవత్సరములలో రెండు మూడు నామఫలకములు మారుట విశాఖ ప్రజలకు వింత కాదు.

దీనికి భిన్నముగా నిలిచినది డీమార్ట్. 2002లో బొంబాయిలో ఆరంభమైన ఈ సంస్థ, తన దుకాణముల నేలను వీలైనంతవరకు తానే కొని, అద్దె భారము లేక వర్తకము నడుపుచు వచ్చినది. తక్కినవారు అద్దెలవలన కూలిన కాలమున అది కూలకుండుటకు సరుకుల చౌకదనము ఒక్కటే హేతువని చెప్పుట అసమగ్రము. స్వంత ఇంటి వీధి అరుగుమీద తరతరములుగా నడచు కంచరపాలెపు కిరాణా కొట్టు నిలుచుటకును, వేల కోట్ల డీమార్ట్ నిలుచుటకును కారణము ఒక్కటే కావచ్చుననుట ఆశ్చర్యకరమైనను ఆలోచింపదగినది.

మూడు వాదములు

మొదటిది రక్షణవాదము. 2006లో హైదరాబాదున రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణములు తెరచినప్పుడును, 2012లో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకమున 51 శాతము విదేశీ పెట్టుబడికి కేంద్రప్రభుత్వము అనుమతించినప్పుడును ఇది ప్రబలముగా వినవచ్చినది. 10 లక్షలకు మించిన జనాభాగల నగరములందే అట్టి దుకాణములు తెరువవలయునను నియమము అప్పుడు విధింపబడెను. 2011 లెక్కల ప్రకారము 17 లక్షలు దాటిన విశాఖ ఆ పరిధిలోనిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సమ్మతించిన రాష్ట్రములలో నుండెను. ఈ వాదులు తరచుగా తలచునది ఫ్రాన్సును, జపానును. ఆ రెండు దేశములును 1973లోనే మహావిపణులను నియంత్రించు శాసనములు చేసినవి. కాని జపానులో చిల్లర దుకాణముల సంఖ్య, ఆ శాసనము కఠినముగా అమలగుచున్న కాలముననే, 1982 తరువాత తగ్గసాగినది. యజమానుల వార్ధక్యము, వారసుల వైముఖ్యము అను కారణములను చట్టము ఆపలేకపోయెను. కంచరపాలెమునందును కొట్టు యజమాని కుమారుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగమునకు పోయినప్పుడు మూతపడు కొట్టును మహావిపణి లెక్కలో వేయుట న్యాయము కాదు.

రెండవది విపణివాదము. దుకాణముల చావుపుట్టుకలు ఆరోగ్యలక్షణములని, వినియోగదారుని లాభమే ప్రమాణమని దీని సారము. దీనికి బలమిచ్చినది 2008లో ఇక్రియర్ అను ఆర్థిక అధ్యయన సంస్థ వెలువరించిన పరిశోధన. పెద్ద దుకాణముల సమీపమునగల చిన్న వర్తకుల అమ్మకములు, లాభములు మొదట తగ్గినను కాలక్రమమున ఆ ప్రభావము సన్నగిల్లెనని, ఏడాదికి మూతపడువారు 4.2 శాతమే కాగా అందు పెద్ద దుకాణముల పోటీవలన మూతపడినవారు 1.7 శాతమే అని అది తేల్చినది. ఈ లెక్క తప్పని చెప్పుటకు ఆధారము లేదు. కాని అది గొలుసు దుకాణముల బాల్యదశలోని లెక్క. డీమార్ట్ విస్తరణమును, చేతిలోని ఫోనుపై పది నిమిషములలో పాలపొట్లము తెప్పించుకొను కాలమును అది చూడలేదు. 2008 నాటి శాతములను నేటికిని వల్లించుట సత్యాన్వేషణము కాజాలదు.

మూడవది స్థలవాదము. 1961లో అమెరికా నగరములను గూర్చి జేన్ జేకబ్స్ చేసిన విమర్శ దీనికి ఆద్యము. దుకాణము సరుకునే గాక వీధికి కనులను, రాత్రివేళ దీపమును, స్త్రీలకును వృద్ధులకును నిర్భయమును ఇచ్చునని, కావున ఒక కొట్టు మూతపడుటను దాని లెక్కపుస్తకముతో మాత్రము కొలువరాదని ఈ పక్షమువారి వాదము. విశాఖ నగర పరిణామములో దీనికి ఆదరణ తక్కువ. రహదారి వెడల్పు చేయుట వాహనముల లెక్కతో నిర్ణయమైనది గాని, ఆ రహదారికి ఇరుప్రక్కల మధ్యాహ్నమున పాదచారి ఎచ్చట నిలిచి మంచినీరు త్రాగుననుదానితో కాదు.

ఈ మూటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో, రక్షణవాదము వర్తకుని, విపణివాదము కొనువానిని, స్థలవాదము వీధిని కేంద్రముగా గొనినవి. మొదటిది శత్రువును సరిగా గుర్తింపలేదు. రెండవది దుకాణము మూతపడిన పిదప దాని యజమాని, అందలి పనివాడు, ఖాతాదారుడు ఏమగుదురో అడుగలేదు. మూడవది వీధిని ప్రేమించినది గాని ఆ వీధిలోని అద్దె చీటీని చదువలేదు. నా దృష్టిలో మూడవదియే సత్యమునకు సమీపముగా వచ్చినది.

నేల ఎవరిది?

కంచరపాలెము వంటి పేటలో దుకాణము ఎత్తివేయుటకు సామాన్యముగా వినబడు కారణములు నాలుగైదు: అద్దె పెంచుట, యజమాని ఇంటిని పడగొట్టి అంతస్తులు లేపుట, రోడ్డు వెడల్పు, వారసులమధ్య పంపకము, అడ్వాన్సు రెట్టింపుగా అడుగుట. ఇందు ఏదియు పోటీ కాదు. అన్నియు నేలకు సంబంధించినవే.

చట్టము ఈ విషయమున క్రమముగా వర్తకుని చేయి విడచినది. 1960 నాటి భవనముల కౌలు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టము ఒకప్పుడు దుకాణదారునికి కూడ ఆశ్రయముగా నుండెను. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెగల కట్టడములు దాని పరిధినుండి తొలగిపోయినవి. నగరమున ముఖ్యవీధిలోని ఏ షట్టరు ఆ హద్దులో మిగులును? ఆ హద్దు దాటినవానికి, వేరు ఒప్పందము లేనియెడల, మిగిలినది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము. నెలవారీ కౌలును 15 దినముల నోటీసుతో ముగింపవచ్చునని దాని 106వ ప్రకరణము. పిమ్మట 2017లో రాష్ట్రము చేసిన అద్దె చట్టము లిఖితపూర్వకమైన ఒప్పందమును పునాదిగా గ్రహించినది. ఒప్పందము వ్రాయుట మంచిదే. కాని నోటిమాటపై, అడ్వాన్సు చీటీపై నడచు చిన్న కొట్టులకు ఆ కాగితమే అందని వస్తువు, అందినను అందలి గడువు యజమాని ఇష్టము.

ఇంగ్లండులో 1954 నాటి చట్టము వ్యాపారకౌలుదారునికి గడువు తీరిన పిదప మరల కౌలు పొందు హక్కును ఇచ్చినది. ఫ్రాన్సులో వ్యాపారకౌలు సామాన్యముగా తొమ్మిది సంవత్సరములకు తక్కువ కాదు. పునరుద్ధరింప నిరాకరించిన యజమాని పరిహారము చెల్లింపవలయును. ఏండ్లతరబడి ఒకచోట సంపాదించిన ఖాతాదారుల పరిచయము, అనగా జనులు గుడ్‌విల్ అనునది, వర్తకుని ఆస్తియని ఆ శాసనముల భావము. మనకు మహావిపణుల ప్రవేశమును నిషేధించు శాసనమును కోరిన నాయకులు పెక్కుమంది కలరు. కౌలుదారుని రక్షించు ఈ రెండవ రకపు శాసనమును గట్టిగా కోరినవారు అరుదు.

రోడ్డు వెడల్పులో ఈ లోటు మరింత స్పష్టము. స్థలము కోల్పోయిన యజమానికి అభివృద్ధి హక్కుల బదిలీ పత్రము, అనగా టి.డి.ఆర్. బాండు, లభించును, అతడు దానిని అమ్ముకొనవచ్చును. అదే గదిలో అద్దెకుండి ముప్పది యేండ్లు కొట్టు నడిపినవాడు ఆ లెక్కలో కనబడడు. ఒకనికి బాండు, వేరొకనికి బరువు!

మరొక వైపు, మహావిపణికి నేల లభించు విధమును పరికింపుడు. కైలాసపురము వద్ద పోర్టు భూమిలో సుమారు 17 ఎకరముల కౌలుస్థలమున ఇనార్బిట్ మాల్‌కు 2023 ఆగస్టు 1న శంకుస్థాపన జరిగినది. సాగరతీరమున లూలూ సంస్థకు కేటాయించిన భూమి 2018లో శంకుస్థాపన వరకు వచ్చి, 2019లో రద్దై, 2025లో మరల కేటాయింపునకు వచ్చినది. ప్రభుత్వసంస్థల భూమిపై దీర్ఘకాలపు కౌలు ఆ సంస్థలకు దొరకుట తప్పని నేననను. నగరమునకు ఉద్యోగములు, ఆదాయము వచ్చునను వాదమున బలము కలదు. కాని దశాబ్దముల స్థిరత్వము ఒకరికి, పదునైదు దినముల నోటీసు వేరొకరికి ఇచ్చి, వారిరువురి పోటీని స్వేచ్ఛావిపణి యని పిలుచుట నాకు సమ్మతము కాదు.

వీధి వర్తకుని విచిత్రస్థితి

2014 నాటి వీధి విక్రేతల చట్టము కాగితముపై దుకాణదారుని కంటె బండివానికే ఎక్కువ రక్షణ నిచ్చినది. తొలగింపునకు 30 దినముల నోటీసు; ప్రతి నగరమునందును విక్రయ కమిటీ, అందు విక్రేతల ప్రాతినిధ్యము 40 శాతమునకు తగ్గరాదు; ఏబది యేండ్లకు పైబడిన సహజ విపణులను వారసత్వ విపణులుగా ప్రకటించి అందలివారిని కదలింపరాదు. అయినను 2025 సెప్టెంబరులో ‘ఆపరేషన్ లంగ్స్’ పేర నగరపాలక సంస్థ ఊరంతట బడ్డీలను, బండ్లను తొలగించినప్పుడు, ఆ చట్టము ఎంతవరకు పాటింపబడెనను విషయమై విక్రేతల సంఘములు ఆందోళనకు దిగినవి. కాలిబాట నడచువానిదే యను పాలకుల మాట సత్యము. నడచువాడే కొనువాడు కూడ ననుట తత్తుల్యమైన సత్యము. ఆశీలు దినదినము వసూలు చేసిన వీధిలో, ఆ ఆశీలు చెల్లించినవాని స్థానమును హఠాత్తుగా లేదనుట ధర్మము కాదు.

బండిని తరలించుట సులభమని పాలకుల తలంపు. చక్రములు కదలును గాని గిరాకి కదలదు. జ్ఞానాపురము టోకు మార్కెట్టునుండి తెల్లవారుజామున తెచ్చిన కూర పదింటిలోపల అమ్ముడు కావలయును. జనము నడువని క్రొత్త విక్రయమండలము ఎంత సుందరమైనను, వాడిపోయిన ఆకుకూర దానిని సమ్మతింపదు.

తేలవలసిన ప్రశ్నలు

అన్నిటికంటె ముందు లెక్క. అఖిల భారత వినియోగ వస్తువుల పంపిణీదారుల సమాఖ్య 2024లో, గడచిన సంవత్సరమున దేశమున 2 లక్షల కిరాణా కొట్టులు మూతపడినవని ప్రకటించినది. నిమిషములలో సరుకు ఇంటికి చేర్చు శీఘ్రవర్తక (క్విక్ కామర్స్) సంస్థలపై ఫిర్యాదులు చేసినది. అదే కాలమునకు కేంద్రప్రభుత్వపు సర్వే, కంపెనీలుగా నమోదు కాని సంస్థలు 6.50 కోట్లనుండి 7.34 కోట్లకు పెరిగినవని చెప్పినది. ఈ రెండును ఒకే ప్రశ్నకు సమాధానములు కావు. రెండవదానిలో తయారీ, సేవలు కూడ కలిసియున్నవి. కంచరపాలెమున ఒక కొట్టు పుట్టినప్పుడు దాని పేరు నగరపాలక సంస్థ లైసెన్సునందును, కార్మికశాఖ పుస్తకమునందును, ఆహారభద్రత నమోదునందును, అమ్మకములు 40 లక్షలు దాటినచో జీఎస్టీయందును ఉండవచ్చును. అది మూతపడినప్పుడు అసలు కారణము ఈ నమోదులలో స్పష్టముగా కానరాదు. తరలిపోయినదా, నశించినదా యనునది తెలియక విధానము చేయుట సాధ్యమా?

రెండవది, శీఘ్రవర్తకము. బోర్డు లేని, గిరాకి అడుగిడని గోదాము ఒకటి పేటలో వెలసినప్పుడు దానిని దుకాణమనవలయునా? వీధికి దీపము నీయక వీధిలోని అమ్మకమును తీసికొను ఈ క్రొత్తదానికి పాత వాదములు మూడింటిలో ఒక్కటియు సరిపడదు. 2020లో లాక్‌డౌన్ కాలమున ఇంటిప్రక్క కిరాణా కొట్టే ఊరిని పోషించినది. ఆ ఋణస్మృతి పది నిమిషముల సౌకర్యము ముందు ఎంతకాలము నిలుచునో కాలమే తేల్చవలయును.

మూడవది, జీతము. ఉక్కు కర్మాగారమును విక్రయింపవలయునని కేంద్రము 2021లో నిశ్చయించిన పిమ్మట, 2025లో 11,440 కోట్ల రూపాయల పునరుజ్జీవన సహాయము ప్రకటించు వరకును, ఆ కార్మికుల జీతములపై ఆధారపడిన గాజువాక, కూర్మన్నపాలెము అంగళ్లు అనుభవించిన అనిశ్చితిని ఏ వర్తకసిద్ధాంతమును తన లెక్కలో చేర్చలేదు. దుకాణము పోటీవలన మూతపడినదో, గిరాకివాని జేబు ఖాళీయై మూతపడినదో వేరుచేసి చూపు పరిశోధన విశాఖకు అత్యవసరము.

కడపటిది మెట్రో. ప్రతిపాదిత ప్రథమ మార్గము ఉక్కు కర్మాగారము కూడలినుండి కొమ్మాదివరకు 34.40 కిలోమీటర్లు, అది రహదారి వెంట కంచరపాలెము మీదుగనే పోవును, తాటిచెట్లపాలెమునుండి చినవాల్తేరుకు వేరొక శాఖ చీలును. స్తంభములు లేచు సంవత్సరములలో రహదారికి ఇరువైపుల కొట్టులకు అడ్డుగోడలు వచ్చును. స్టేషన్లు తెరచిన నాటికి అద్దెలు పెరుగును. మొదటి కష్టమును ఓర్చినవాడే రెండవ లాభమును పొందునను హామీ నేటి చట్టమున లేదు. 2013 నాటి భూసేకరణ చట్టము, సేకరించిన భూమిపై జీవనాధారము గలవారిని కూడ బాధితకుటుంబములుగా గుర్తించినది. సేకరణ జరుగకయే నిర్మాణమువలన గిరాకి కోల్పోవు కౌలుదారునికి అది వర్తింపదు. అందుచేత పనులు ఆరంభము కాకమునుపే, ఆ మార్గమున అద్దెకున్న దుకాణముల పట్టికను, వాని కౌలుగడువులతో, నెలసరి అద్దెలతో సహా, నగరపాలక సంస్థ వార్డు సచివాలయముల ద్వారా వ్రాయించుట నేడు చేయదగిన పని. ఆ పట్టిక లేనిచో, పది సంవత్సరముల పిమ్మట ఎవరు మూసిరి, ఎవరు తరలిరి, ఎవరు నిలిచిరి అనుదానిపై ఇవే మూడు పక్షములు మరల ఇవే మాటలతో వాదింపగలవు.